ఏడో జపమాల

ఆ మాట దియోలిందా పాఠం కోసం అన్నదా, నా కోసం అన్నదా? నలభై రెండేళ్లు కాపురం చేశాను గానీ మొన్నటిదాకా ఈ సందేహం మాత్రం తీరలేదు. ప్రార్థనలో దేవుణ్ని అడిగి చూశాను. ఆయనకు తెలియదని కాదు, మీ ఇంటి సంగతి మీరే తేల్చుకోండి అన్నట్టు ఊరుకున్నాడు. ఆవిణ్ని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

అప్పుడు నేను పోర్చుగల్ వాళ్ల అజోర్స్ దీవుల నుంచి అమెరికాలోని ఫాల్ రివర్ వచ్చి ఆరు నెలలు. బట్టల మిల్లులో రంగుల తొట్ల దగ్గర పని. ఎంత కడిగినా వేళ్లకు నీలం పోయేది కాదు. మంగళ, గురువారాల్లో పని దిగాక చర్చి కింది హాల్లో ఇంగ్లిషు క్లాసు. మొదటి రోజు వెళ్లి కనబడ్డ కుర్చీలో కూర్చున్నాను.

"లేవండి. అది నా కుర్చీ."

"పేరేమైనా రాసుందా?"

"పేరు లేదు. కోటుంది. దానిమీదే కూర్చున్నారు."

గబుక్కున లేచి, కోటు దులిపి, రెండు చేతులతో అందించాను. తెల్లకోటు. దానిమీద నా పది వేళ్లూ నీలంగా అచ్చుపడ్డాయి.

"బాగుంది. ఇప్పుడు పేరు కూడా రాశారు," అంది దియోలిందా.

రెండు నెలలు ఆమె పక్కనే కూర్చుని, ఒక్క మాటా కలపలేకపోయాను.

ఈస్టర్ వెళ్లిన గురువారం మా టీచర్ మిసెస్ టియర్నీ బోర్డు మీద 'డ్రాప్ బై' అని రాసింది.

"డ్రాప్ అంటే పడేయడం, బై అంటే పక్కన. కలిస్తే ఆ రెండూ కాదు. ముందుగా చెప్పకుండా ఎవరింటికైనా కాసేపు వెళ్లి, పలకరించి రావడం."

"దానికో ప్రత్యేకమైన మాటెందుకు మేడమ్? మా ఊళ్లో దాన్ని బతకడం అంటాం," అన్నాను.

క్లాసంతా నవ్వింది. దియోలిందా కూడా నవ్వింది. ఆ సాయంత్రానికి నాకు అది చాలు.

"నవ్వండి గానీ ఇది గుర్తుపెట్టుకోండి," అంది టీచర్. "ఇక్కడివాళ్లు 'ఎప్పుడైనా డ్రాప్ బై' అన్నారని వెళ్లి తలుపు కొట్టకండి. అది మర్యాదకు అనేది. ఫలానా రోజు, ఇన్ని గంటలకు అంటేనే పిలిచినట్టు. సరే, తలా ఒక వాక్యం చెప్పండి."

దియోలిందా నావైపు తిరిగింది. "ఆదివారం మా ఇంటికి కిరీటం వస్తోంది. ఆ వారంలో డ్రాప్ బై," అంది ఇంగ్లిషులో.

"వెరీ గుడ్," అంది టీచర్.

ఈస్టర్ తర్వాత ఏడు వారాలు, చీట్లలో పేరొచ్చిన ఏడిళ్లలో మా దీవులవాళ్ల పరిశుద్ధాత్మ పండుగ వెండి కిరీటం వారానికొక ఇంట ఉంటుంది. ఆ వారమంతా సాయంత్రాలు ఆ ఇంట జపమాల. తలుపు తీసే ఉంటుంది, ఎవరైనా వెళ్లొచ్చు. ఆ మాటే మా భాషలో అని ఉంటే మొదటి రోజే వెళ్లేవాణ్ని. ఇంగ్లిషులో అంది కాబట్టి ఇంగ్లిషువాళ్ల పద్ధతే అనుకున్నాను. రోజు చెప్పలేదు, గంట చెప్పలేదు. మర్యాదకే అని ఉంటుంది.

క్లాసులకు ఆ వారం సెలవు. ఏడు సాయంత్రాలూ వాళ్ల వీధి మలుపు దాకా వెళ్లాను. జపం వినబడేది. నా అంతట నేనే మరియమ్మకు ఓ మంగళవార్త జపం చెప్పుకుని వెనక్కి వచ్చేసేవాణ్ని.

మళ్లీ క్లాసుకు వెళ్లేసరికి ఆమె కుర్చీ అటు చివరికి మారిపోయింది.

"కోపం వచ్చిందా?" అన్నాను మెట్ల దగ్గర.

"ఎందుకు రావాలి? వాక్యం చెప్పమన్నారు, చెప్పాను."

"నేను మర్యాదకి అన్నారనుకుని..."

"కిరీటాన్ని ఇంట్లో పెట్టుకుని మర్యాదకి పిలిచేవాళ్లని ఎక్కడైనా చూశారా?"

దేవుడి ఇంటికి కూడా పిలుపు కోసం ఆగానా అని ఆ రాత్రంతా సిగ్గుపడ్డాను. శనివారం తీపిరొట్టె కొనుక్కుని వాళ్లింటి తలుపు తట్టాను. వాళ్ల నాన్న లౌరియానో గారు తీశారు.

"కిరీటం వెళ్లిపోయింది అబ్బాయ్. ఏం పని మీద వచ్చావు?"

"డ్రాప్ బై... చేశానండి."

లోపల ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. ఖాళీ బల్లకేసి చూశారు, నా నీలం వేళ్లకేసి చూశారు.

"ఏడు సాయంత్రాలు ఎగ్గొట్టావు. ఏడు జపమాలలు బాకీ. రేపటినుంచి వచ్చి కట్టు."

ఆరు సాయంత్రాలు కట్టాను. ఆరో రోజు లేస్తూ లేస్తూ, "మీ అమ్మాయిని చేసుకోవాలని ఉందండి," అనేశాను.

లౌరియానో గారు జపమాల చుట్టి జేబులో వేసుకున్నారు. "చెప్పకుండా వచ్చేవాడివి, ఇది మాత్రం చెప్పి అడుగుతున్నావు. మంచిదే. పరిశుద్ధాత్మ చల్లగా చూస్తాడు. కానీ ఒకటి బాకీ ఉంది."

"ఉండనీ నాన్నా," అంది దియోలిందా. "ఏడోది కిరీటం ఎదుటే కట్టాలి, పెళ్లయ్యాక మా ఇద్దరి ఇంట్లో. బాకీ ఉంటేనే మనిషి వస్తాడు."

పెళ్లయ్యాక చీట్లలో మా పేరు ఇన్నేళ్లూ రాలేదు. ఈ ఏడాది వచ్చింది.

మొన్న ఆదివారం కిరీటాన్ని పూల మధ్య పెట్టి, ఇరుగుపొరుగు రావడానికి ముందు, ఇద్దరమే ఉన్నప్పుడు అడిగేశాను. "ఆ రోజు నువ్వు పాఠం కోసం అన్నావా?"

ఆమె బల్లగుడ్డ ముడతలు సరిచేస్తూ ఉంది. "ఏడు రోజులూ తలుపు పక్కనే కూర్చున్నాను. చలిగాలి కొడుతోంది, వేసెయ్ అని అమ్మ ఒకటే గోల. వెయ్యలేదు. కోటు వేసుకుని కూర్చున్నా."

"ఏ కోటు?"

"నాకెన్ని కోట్లున్నాయి హెర్మీనియో? నువ్వు పేరు రాసిందే."

"ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"అడిగావా?"

లేచి వీధి తలుపు బార్లా తీశాను. చలి లోపలికి వచ్చింది. తలుపు పక్కన కుర్చీ వేసి ఆమెను కూర్చోబెట్టి, కిరీటం ముందు మోకాళ్ల మీద వాలాను. పొరుగువాళ్లు ఒక్కొక్కరే వచ్చి గొంతు కలిపారు.

ఏడో జపమాల చివరి పూస వేళ్ల నుంచి జారింది. వెనక్కి చూశాను.

"ముట్టింది," అంది దియోలిందా.