సర్దుకళ్ళద్దాలు

"ఇవాళ మళ్ళీ అక్షరాలు అలుక్కుపోయాయి!" వార్తాపలకను బల్లమీద బోర్లించేసింది సువర్చల.

"నా కళ్ళజోడు నువ్వు పెట్టుకుంటే అలుక్కుపోవూ మరి?" అన్నాడు విశ్వపతి, ఇడ్లీ తుంచుకుంటూ.

నలభై దాటినప్పటి నుంచీ ఆ దంపతులకు చేతికందినదే కళ్ళజోడు. సర్దుకళ్ళద్దాలు వచ్చాక ఎవరివి వారికి వేరయ్యాయి గాని, ఆమె అలవాటు మారలేదు. పొద్దున్నే మొహం కడుక్కునేటప్పుడు గోడమీది నేత్రమాపిని అనే యంత్రం ఎవరి కళ్ళను వారివిగా కొలిచి, అద్దాల పవరును తనంతట తానే మార్చేస్తుంది. ఊళ్ళో కళ్ళజోళ్ళ షాపులన్నీ ఏనాడో మూతపడ్డాయి.

"మొన్న నాకు సరిపోయాయి. నిన్న మసక. ఇవాళ ఇంకో రకం. మీ కళ్ళు రోజుకో తీరుగా మారతాయిటండీ?"

"నాకు శుభ్రంగా కనపడుతోంది కదే!"

సువర్చల విసవిసా వెళ్ళి నేత్రమాపినినే అడిగింది. "ఆయన పవరు ఎందుకు మారుస్తున్నావు?"

"స్పష్టత కోసం. సర్దుబాటు విజయవంతం," అందది తీయగా.

"నీ మొహం!" అని దానిమీద తువ్వాలు కప్పేసి, భర్తను బయల్దేరదీసింది. రాజమండ్రిలో ఇంకా చేత్తో కళ్ళు పరీక్షించేది డాక్టర్ కుసుమకుమారి ఒక్కతే.

"అద్దాలు చెడితే కంపెనీవాణ్ణి పిలవాలి గాని, నన్ను లాక్కుపోతావేమిటే?" దారంతా సణిగాడు విశ్వపతి.

"అద్దాలు చెడితే సంతోషమే. చెడింది మీ కళ్ళయితే?"

డాక్టరు ఖాళీ ఫ్రేము పెట్టి, అందులో అద్దపు బిళ్ళలు మార్చింది. "ఇది బాగుందా? ఇదా?"

విశ్వపతి భార్యవైపు చూశాడు. "ఏదో ఒకటి మీరే పెట్టెయ్యండి."

"చూసేది నేను కాదు మాస్టారూ!"

ఏది పెట్టినా 'ఇదే ఉంచెయ్యండి' అన్నాడు. సర్దుకళ్ళద్దాల్లో దాచి ఉన్న పాత కొలతలు చూసి, డాక్టరు వేలి నెత్తురు తీసింది. కంట్లో చుక్కలు వేసి, లోపలికి చాలాసేపు చూసింది.

"షుగరు. అది ఎక్కి దిగినప్పుడల్లా కంటి పవరు మారుతుంది. కంటి వెనక పొర అప్పుడే దెబ్బతింటోంది. ఏళ్ళ బట్టీ మసక వస్తూ పోతూ ఉండాలే, ఎందుకు రాలేదు నా దగ్గరికి?"

"మసకే రాలేదండీ," అన్నాడు విశ్వపతి.

"రానిస్తేగా అది!" అంది సువర్చల.

డాక్టరు మందులు రాసింది. సర్దుకళ్ళద్దాలు మాత్రం పక్కన పెట్టించింది. "కొన్నాళ్ళు మామూలు జోడే వాడండి. మసక పెరుగుతోందో తగ్గుతోందో రోజూ మీరే గమనించి చెప్పాలి. ఉన్న చూపు దక్కించుకోవాలంటే అదీ ముఖ్యమే."

మామూలు జోడు పెట్టుకున్న మర్నాడు పొద్దున్న వార్తాపలక ఆయన చేతిలో పెట్టింది సువర్చల. "ఎలా ఉంది?"

"మసగ్గా ఉందే."

"నిన్నటికన్నా ఎక్కువా, తక్కువా?"

విశ్వపతి పలకను దగ్గరికి తెచ్చుకున్నాడు, దూరం పెట్టాడు. కళ్ళు చికిలించాడు.

"చెప్పండీ!"

"ఏం చెప్పనే," అన్నాడు దిగులుగా, "నిన్న ఎలా కనపడిందో నేను చూసుకోలేదు."