ఎండలో పలికిన స్టేషన్

చనిపోయిన మనిషి ఒళ్లో రేడియో ఇంకా మోగుతూనే ఉంది.

సముద్రంలోకి పొడుచుకుపోయిన రాళ్లకట్ట చివర, మడతకుర్చీలో, చెవుల్లో ఇయర్‌ఫోన్లతో ఆయన కూర్చునే ఉన్నాడు. దూరం నుంచి చూస్తే కునుకు తీస్తున్నాడనే అనుకుంటారు. మెడ వెనక గోరు గీరుకున్నంత గీత. అంతే. పోలీసులకు ఫోన్ చేసింది ఆ కట్ట మీద రోజూ చేపలు పట్టే ముసలాయన. "పలకరిస్తే పలకలేదు బాబూ. భుజం తడితే పక్కకి ఒరిగిపోయాడు," అని చెబుతూ పాపం వణికిపోయాడు.

పోయినవాడు గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో, రహస్య కోడ్‌లు తయారుచేసే సైఫర్ సెక్షన్‌లో సీనియర్ ఆఫీసర్. గుమ్మంలోంచి వంగి రావలసినంత మనిషి కావడంతో అందరూ పొడుగాయన అనేవారు. అదే సెక్షన్‌లో ఇంకో ఆఫీసరు కిందటి నెల అదే కట్ట మీద అలాగే పోయాడు. అప్పుడు గుండెపోటు అని సరిపెట్టుకున్నారు. ఈసారి సరిపెట్టుకోవడానికి వీల్లేకపోయింది.

"కూర్చో, థర్టీవన్," అన్నాడు చీఫ్.

ఏజెంట్ థర్టీవన్ కూర్చున్నాడు. మోకాళ్ల వణుకు చీఫ్ కంటపడకుండా ఒక ఫైలు ఒళ్లో పెట్టుకున్నాడు. మన కథానాయకుడు భయస్తుడు. ఈ సంగతి దాచి లాభం లేదు. లిఫ్టు ఎక్కాలన్నా భయమే, పిస్టల్ పట్టుకోవాలన్నా భయమే. కాకపోతే భయపడుతూ భయపడుతూనే పని పూర్తి చేసుకొచ్చేవాడు కనక ఇన్నేళ్లుగా డిపార్ట్‌మెంట్ అతన్ని భరిస్తోంది.

గదిలో ఇంకొకరు కూడా ఉన్నారు. కిటికీ దగ్గర, మెడకి నెమలికంఠం రంగు సిల్కు స్కార్ఫ్‌తో, చూసినవాడు ఓసారి వెనక్కి తిరిగి మళ్లీ చూసేంత అందంతో. కోడ్ నేమ్ నెమలి. డబుల్ ఏజెంట్. శత్రుముఠా ఆమె తమ మనిషనుకుంటుంది, డిపార్ట్‌మెంట్ తమ మనిషనుకుంటుంది. అసలు ఎవరి మనిషో ఆవిడకైనా తెలుసా అని థర్టీవన్‌కి ఎప్పుడూ అనుమానమే.

"సోమవారం నుంచి కొత్త కోడ్," చీఫ్ సూటిగా విషయంలోకి వచ్చాడు. "పాతదాన్ని వాళ్లు పేపరు చదివినట్టు చదివేస్తున్నారు. కొత్తది కంప్యూటర్‌లో లేదు, కాగితం మీదా లేదు. ముగ్గురి బుర్రల్లో ఉంది. ఇద్దరు పోయారు."

"మూడోవారు?" అన్నాడు థర్టీవన్, జవాబు తెలిసి కూడా.

"సెక్షన్ హెడ్. మీ అక్క."

ఫైలు జారి కింద పడింది.

"చంపేవాణ్ణి ముఠాలో డాక్టర్ అంటారు," అంది నెమలి. "చిన్న గీత గీస్తాడు, విషం మిగతా పని చేస్తుంది. నేను వాడి మొహం చూడలేదు. చూసినవాళ్లెవరూ చెప్పడానికి మిగల్లేదు."

"థ్యాంక్స్ మేడమ్. చాలా ధైర్యం వచ్చింది," అన్నాడు థర్టీవన్, ఫైలు తీసుకోవడానికి వంగుతూ. వంగినవాడు పైకి లేవడానికి కాస్త టైమ్ పట్టింది.

*

అక్కని సేఫ్ ఫ్లాట్‌కి మార్చారు. లిఫ్టుని ఆనుకుని ఉన్న ఫ్లాటు, కిటికీలకి ఇనపచువ్వలు, గుమ్మంలో మీసాల గార్డు, వెనక వంటింటి తలుపుకి తాళం. అక్క పసుపు స్వెటర్ వేసుకుని, కుర్చీలో కూర్చుని అరచేతిలో పట్టేంత రేడియోతో కుస్తీ పడుతోంది. అమ్మ పోయాక తల దువ్వి, గుండీలు పెట్టి బడికి పంపిన మనిషి ఆవిడ. ప్రపంచంలో థర్టీవన్‌ని బుజ్జీ అని పిలిచేది ఆవిడొక్కతే.

"ఒరేయ్ బుజ్జీ, ఇంకెక్కడా చోటు దొరకనట్టు ఈ లిఫ్టు పక్కన పడేశారేంట్రా నన్ను? అది కదిలినప్పుడల్లా ఏఎమ్ బ్యాండంతా గర్రుమంటోంది."

సరిగ్గా అప్పుడే లిఫ్టు కదిలింది. రేడియో గర్రుమంది. అక్క రేడియోని ఒళ్లో అలాగే పట్టుకుని, కుర్చీతో సహా గిర్రున తిరిగింది. మోత ఆగిపోయింది.

"ఏం చేశావక్కా?"

"ఏం చేశాను?"

"కుర్చీతో సహా తిరిగావు."

"తిరిగానా?" అక్క నవ్వింది. "అలవాటురా. దీని లోపల స్టేషన్లు పట్టే ఏరియల్, ఫెర్రైట్ కడ్డీ ఉంటుంది. దాని కొన ఎటు చూస్తే అటు దానికి చెవుడు. మోత ఎటునుంచి వస్తోందో అటు కొన తిప్పితే నోరు మూసుకుంటుంది. మా వాళ్లందరం ఇంతే. నిద్రలో దోమని తోలుకున్నట్టు మాకు తెలీకుండానే తిరుగుతాం."

అక్కా, పొడుగాయనా, ముందు పోయినాయనా ముగ్గురికీ ఒకటే పిచ్చి. చిన్న రేడియోల్లో దూరదేశాల ఏఎమ్ స్టేషన్లు పట్టడం.

"ఇంటర్నెట్‌లో నొక్కితే అన్నీ వస్తాయి కదక్కా."

"నొక్కితే వచ్చేదాంట్లో ఏముందిరా? ఇది ఇంత సముద్రం దాటి, దానంతటది నన్ను వెతుక్కుంటూ వస్తుంది. అదీ పగలు రాదు. ఎండలో దూరం స్టేషన్లన్నీ ఆకాశంలోనే ఇంకిపోతాయి. పొద్దు వాలుతుంటే ఒక్కొక్కటే లేస్తాయి." అక్క గొంతు తగ్గించింది. "పొడుగాయన ద్వీపం స్టేషన్ పట్టాడు, తెలుసా? నడిసముద్రంలో చిన్న ద్వీపం. మాలో ఇంతవరకూ ఎవరికీ చిక్కలేదు. కట్ట చివర, ఉప్పునీటి పక్కన, సాయంత్రం పూట వినిపిస్తోందని నన్నూ రమ్మన్నాడు. పడిశం పట్టి వెళ్లలేదు."

పడిశం పట్టకపోయి ఉంటే? అనుకున్నాడు థర్టీవన్.

"ఆయన చివరిగా విన్నది నేనూ ఒక్కసారి వినాలిరా."

"అక్కా! గుమ్మం దాటావంటే ఊరుకోను!"

"ఊరుకోక ఏం చేస్తావ్?"

ఏం చేస్తాడు? ఆవిడ ముందు మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు. "నువ్వు తప్ప నాకెవరున్నారక్కా. నాకు భయంగా ఉంది. నిజంగా భయంగా ఉంది."

అక్క అతని జుట్టు సవరించింది. మాట మాత్రం ఇవ్వలేదు. అది అతను గమనించలేదు.

*

మర్నాడు మధ్యాహ్నం థర్టీవన్ రాళ్లకట్ట మీద నడుస్తున్నాడు. కట్ట పొడుగునా ఒక పక్క ఇనపరెయిలింగు, తుప్పుపట్టి, చివరిదాకా ఏకంగా సాగింది. నెత్తిన ఎండ మాడ్చేస్తోంది. కట్ట చివర ముసలాయన ఒక్కడే, పక్కన ఫ్లాస్కు పెట్టుకుని, గాలం వేసుకుని కూర్చున్నాడు. వెతకడానికి ఇంకేమీ కనిపించక థర్టీవన్ కట్ట మధ్యలో ఆగి, జేబులోంచి పొడుగాయన రేడియో తీశాడు. డయలు ఆయన ఆపినచోటే ఉంది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని స్విచ్ వేశాడు.

పాట. తెలియని భాషలో ఆడగొంతు. సన్నగా లేచి, మునిగి, మళ్లీ లేస్తోంది.

థర్టీవన్ మొహం విప్పారింది. ద్వీపం! అక్కకి చెబితే ఎగిరి గంతేస్తుంది. ఫోన్ తీశాడు. నంబర్ నొక్కబోయిన వేలు అక్కడే ఆగిపోయింది.

ఎండలో దూరం స్టేషన్లు రావు.

పైకి చూశాడు. సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు. ఈ పాట సముద్రం దాటి రాలేదు. ఇక్కడే ఉంది. ఎవడో దాన్ని సాయంత్రం కోసం ఇప్పుడే సరిచూసుకుంటున్నాడు.

అప్పుడు మొత్తం అర్థమైంది. ఎవరికీ చిక్కని స్టేషన్‌ని ఎరగా పెడితే చాలు, వీళ్లు బయటివాళ్లెవరికీ చెప్పకుండా, మనుషులు తిరగని చోటికి, తమంతట తామే వస్తారు. చెవులు రెండూ మూసుకుని, వెనక ఎవరు నడిచొచ్చినా వినపడకుండా కూర్చుంటారు. చంపడానికి ఇంతకన్నా తేలికైన మనుషులు లోకంలో దొరకరు.

రేడియోని మెల్లిగా తిప్పాడు. ఒకచోట పాట గొంతు నొక్కేసినట్టు ఆగిపోయింది. రేడియో కొన ఎటు చూస్తోంది? ఒడ్డుకి. ఒడ్డున హోటల్‌కి. ఆ హోటల్ పై అంతస్తులో, సముద్రం వైపు గదిలో దిగింది ఎవరు?

నెమలి.

"అనుకుంటూనే ఉన్నాను," అని పళ్లు కొరికాడు. ఫ్లాట్‌కి ఫోన్ చేస్తే మీసాల గార్డు ఎత్తాడు. "మేడమ్‌గారు లోపలే ఉన్నారు సార్. తలనొప్పిగా ఉందని తలుపేసుకుని పడుకున్నారు." హమ్మయ్య అనుకుని, బ్యాకప్ కోసం చీఫ్‌కి కబురు పెట్టి హోటల్ వైపు పరిగెత్తాడు. ఒంటరిగా పైకి వెళ్లే ధైర్యం చాలక, బ్యాకప్ వస్తుందని హోటల్ లాబీలో స్తంభం వెనక చాలాసేపు నక్కి ఉన్నాడు. బ్యాకప్ ట్రాఫిక్‌లో చిక్కుకుంది. ఎండ పసుపు రంగుకి తిరిగాక, ఇంక తప్పక, మెట్లెక్కాడు.

నెమలి అద్దం ముందు కూర్చుని లిప్‌స్టిక్ వేసుకుంటోంది. అద్దంలో అతని చేతిలో ఊగుతున్న పిస్టల్ చూసింది.

"ముందు దాన్ని రెండు చేతుల్తో పట్టుకోండి. పొరపాటున పేలేను."

"ఆట కట్టు, మేడమ్. ట్రాన్స్‌మిటర్ ఎక్కడ?"

"నా దగ్గరుందని ఎవరు చెప్పారు?"

"రేడియో. పాట ఆగిపోయినప్పుడు కడ్డీ కొన మీ కిటికీ వైపే చూస్తోంది."

నెమలి లిప్‌స్టిక్ మూత పెట్టింది. "కడ్డీకి ఒక్క కొనేనా బాబూ? రెండోది ఎటు చూస్తోంది?"

ఇద్దరూ ఒకేసారి కిటికీలోంచి చూశారు. హోటల్, కట్ట మధ్య, కట్ట చివర. అన్నీ ఒకే గీత మీద. ఆ గీత చివర చేపలు పట్టే ముసలాయన. ఆయన చేతిలో గాలపు కర్ర. అంత పొడుగు కర్రతో ఎవడూ చేపలు పట్టడు. అది ట్రాన్స్‌మిటర్ ఏరియల్.

కట్ట మీద ఇంకొకరు కూడా ఉన్నారు. పసుపు స్వెటర్, చంకలో మడతస్టూలు. ముసలాయన్ని దాటుకుని కొసరాళ్ల దగ్గరికి వెళ్లి, సముద్రం వైపు తిరిగి కూర్చుంటోంది.

"అక్క," అన్నాడు థర్టీవన్. తలనొప్పి పేరుతో తలుపేసుకుని, వంటింటి తాళం తీసుకుని జారుకుందన్నమాట.

నెమలి అప్పటికే హైహీల్స్ విసిరేసి తలుపు దాటింది.

*

మెట్లు ఎలా దిగాడో, రోడ్డు ఎలా దాటాడో అతనికి తెలీదు. కట్ట మీదికి వచ్చేసరికి సూర్యుడు నీళ్లని అంటుకున్నాడు. దూరంగా ముసలాయన కర్రని రాళ్ల సందులో నిలబెట్టి లేచాడు. ముసలితనమంతా కూర్చున్నచోటే వదిలేసినట్టు నిటారుగా లేచాడు. వేళ్ల మధ్య ఏదో తళుక్కుమంది. గాలం ముల్లు.

"అక్కా! అక్కా!"

గాలి మాటని వెనక్కి కొట్టేసింది. అక్క చెవుల్లో ఇయర్‌ఫోన్లు. తల కొంచెం వంచి, ఊపిరి బిగబట్టి వింటోంది. పొడుగాయన కూడా అలాగే విని ఉంటాడు.

పిస్టల్ ఎత్తాడు. చెయ్యి ఒక్కచోట నిలవడం లేదు. వాడూ అక్కా ఒకే వరసలో ఉన్నారు. ఈ చేత్తో కాలిస్తే ఎవరికి తగులుతుంది? నెమలి ముందు పరిగెడుతోంది కానీ ఆమెకీ అదే చిక్కు. వాడికీ అక్క మెడకీ మధ్య దూరం తరిగిపోతోంది. థర్టీవన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. తను అరిచేది ఆమెకి వినపడదు. ఆమెకి వినపడేది ఆ రేడియో ఒక్కటే.

రేడియో!

బెల్టుకి ఉన్న టార్చి లాగాడు. చూడ్డానికి టార్చి, నిజానికి డిపార్ట్‌మెంట్ వాళ్లిచ్చిన షాక్ స్టిక్. దాని కొసని ఇనపరెయిలింగుకి ఆనించి మీట నొక్కాడు. ఏమీ కాలేదు. తుప్పు! చెప్పుతో రెయిలింగుని గీకి, ఆనించి, మళ్లీ నొక్కాడు. నీలంగా, పటపటమంటూ మెరుపు. కట్ట పొడుగునా సాగిన ఆ ఇనుమంతా ఒకే పెద్ద ఏరియల్ అయింది.

కట్ట కొసన అక్క భుజాలు ఉలిక్కిపడ్డాయి. చెవుల్లో పిడుగు పడ్డట్టు మోత. ఆమె ఆలోచించలేదు. రేడియో ఒళ్లో పట్టుకుని, స్టూలుతో సహా గిర్రున తిరిగింది.

తిరిగేసరికి ఎదురుగా వాడు. మెడకి రావలసిన ముల్లు ఆమె ముక్కుకి జానెడు దూరంలో ఆగింది. వెనక నుంచి తప్ప మనిషిని చంపడం అలవాటు లేని డాక్టర్ ఒక్క క్షణం తడబడ్డాడు. అక్క కెవ్వున కేకేసి రెండు కాళ్లతో వాణ్ణి తన్ని, స్టూలు మీంచి వెల్లకిలా పడింది. ఇప్పుడు వాడొక్కడే నిలబడి ఉన్నాడు. నెమలి పిస్టల్ పేలింది. వాడు మోకాలు పట్టుకుని కూలబడ్డాడు.

థర్టీవన్ అక్క దగ్గరికి చేరాడు. పక్కనే కూలబడి ఆమె మెడని అటూ ఇటూ తిప్పి చూశాడు. గీత లేదు. మళ్లీ చూశాడు.

"చెవులు చిల్లులు పడ్డాయి కదరా, వెధవా," అంది అక్క. తర్వాత అతని చొక్కా పట్టుకుని భోరుమంది. "వాడి వేళ్లు కనిపించాయిరా బుజ్జీ. గోళ్లు కూడా కనిపించాయి."

నెమలి ఫ్లాస్కు మూత తీసింది. లోపల కాఫీ లేదు. ట్రాన్స్‌మిటర్, పాట రికార్డు, ఆ పాటని లేపడానికీ ముంచడానికీ చిన్న మర. అక్క వంగి ఆ మరని వేలితో తాకింది.

"అయితే ద్వీపం..."

"ఈ ఫ్లాస్కేనక్కా."

అక్క కళ్లు తుడుచుకోవడం మళ్లీ మొదలుపెట్టింది.

*

సోమవారం కొత్త కోడ్ అమల్లోకి వచ్చింది. ఆ సాయంత్రం అక్కా తమ్ముడూ పొడుగాయన ఇంటికి వెళ్లారు. ఆయన భార్య కుర్చీలు వేసింది. ఎవరు చంపారని గానీ, ఎందుకు చంపారని గానీ ఆవిడ అడగలేదు. ఒక్కటే అడిగింది.

"ఆయన ఏదో ద్వీపం దొరికిందని వారం రోజులు చిన్నపిల్లాడిలా తిరిగారు బాబూ. ఆ వేళ వెళ్తూ కూడా, ఇవాళ ఇంకా బాగా వినిపిస్తుంది చూడు అన్నారు. మీరంతా విచారించారు కదా. నిజంగా విన్నారంటారా?"

అక్క టీపాయ్ కింద తమ్ముడి చెయ్యి పట్టుకుంది.

"విన్నారమ్మా," అన్నాడు థర్టీవన్. "ద్వీపమే. అంత స్పష్టంగా ఇంకెవరికీ రాలేదట."

ఇన్నేళ్ల సర్వీసులో దేశం కోసం అతను చెప్పిన అబద్ధాలకి లెక్కలేదు. చెయ్యి వణక్కుండా చెప్పింది మాత్రం ఇదొక్కటే.