అలుకులో గిట్టలు

"సిమెంటు గచ్చున్న గది ఇస్తాను. దుమ్ము కణం ఉండదు. ఇది నా మాట."

ఖండసారి చక్కెర మిల్లు మేనేజరు బ్రహ్మానందం గారూ, పోయిన నవంబరులో మా యూనియన్ ముందు మీరన్న మాటలివి.

నా కిడ్నీ ఒకటి తీసి మా తమ్ముడు దేవిదాస్‌కు పెట్టారు. దాన్ని వాడి ఒళ్లు తోసెయ్యకుండా మందులిచ్చారు. ఆ మందులు ఒంటి కాపలాను నిద్రపుచ్చుతాయని, దుమ్ము కూడా ప్రమాదమేనని డాక్టరు హెచ్చరించాడు. ఆపరేషనై బోధన్ తిరిగొస్తే మీరిచ్చింది సున్నం కొట్టిన పాత గుర్రాలశాల. గుర్రాలు పోయి పదేళ్లు. మట్టినేల.

దుమ్ము అణగాలని మా తల్లి హన్మవ్వ రోజూ అలికింది. పెరట్లో ఒకప్పుడు గుర్రాలను కట్టేసిన చోటు తవ్వి తెచ్చిన నల్లమట్టితో. అది ఆరుతుంటే గదంతా గుర్రం చెమట వాసన.

మూడోనాడు తడి అలుకులో గిట్టల అచ్చులు. గడప నుంచి లోపలికి. బయటికి లేవు.

"ఏ గాడిదనో జొరబడ్డదిరా," అంది అవ్వ.

"మరి ఎటు పోయిందే అవ్వా? మేనేజరైందా?" తమ్ముడు నవ్వాడు. నవ్వు దగ్గయింది. ఆగలేదు.

దెయ్యాలు దోపిడీదారుల కట్టుకథలని గోడల మీద రాసిన చెయ్యి నాది. మర్నాడు మిట్టమధ్యాహ్నం, అవ్వ అలికి వెళ్లాక, తలుపు గొళ్లెం పెట్టి వాడి పక్కనే కూర్చున్నాను. మిల్లు చప్పుడు ఆగింది. అప్పుడు వినబడింది... బరువైన ఊపిరి. నా కళ్లముందే తడిలో ఒక అచ్చు దిగింది. ఇంకొకటి... మంచం వైపు.

"అన్నా," తమ్ముడు గుసగుసలాడాడు. "నా ఛాతి మీద ఎవరో ఊపిరి ఇడుస్తున్నరు. వేడిగున్నది."

ఎక్స్‌రేలో ఊపిరితిత్తికి రంధ్రం. గిట్ట ఆకారం.

"ఈయన గుర్రాలు సాకుతడా?" అని కఫం పరీక్ష చూసి నిజామాబాద్ డాక్టరు అడిగాడు. "గిది గుర్రం పిల్లలకు వచ్చే రోగం."

దేవిదాస్ ఎన్నడూ గుర్రాన్ని ముట్టలేదు. ఫిబ్రవరి రెండున పోయాడు.

ఆ గదిని ఇప్పుడు మా తోటి కార్మికుడు రాజలింగుకు ఇచ్చారు. అతని భార్య నిండు చూలాలు. వాళ్లు చేరకముందే చూద్దామని నిన్న తాళం తీశాను. నెల రోజులుగా ఎవరూ అలకలేదు. నేల తడిగా ఉంది.

అచ్చులు ఈసారి బయటికి వచ్చాయి. గిట్టల పక్కనే ఒక మనిషి పాదాలు. ఎడమకాలికి చిటికెన వేలు లేదు. చెరుకు కొట్టే కత్తికి దేవిదాస్ పోగొట్టుకున్న వేలది.

రెండు వరసలూ మీ బంగళా దారి పట్టాయి.

మాట ఎందుకు తప్పారో 1975 మార్చి పదిహేనులోగా జవాబు చెప్పండి. నాకు కాదు.