ఆరని ఆకులు

ఆదివారం సాయంత్రం. ఐదు కావడానికి ఇంకా పది నిమిషాలున్నాయి. పిట్ట అప్పటికే ఫోను ముందు కూర్చుని రెండుసార్లు జడ సరిచేసుకుంది.

పిట్టకి పదేళ్లు. అసలు పేరుతో పిలిచేది బడిలో టీచరొక్కరే. పొద్దస్తమానం కబుర్లాడుతుందని అమ్మ పెట్టిన ముద్దుపేరు అది. ఆ అమ్మ ఇప్పుడు దూరంగా ఓ పెద్ద ఓడలో నర్సు. వెళ్లి ఏడు నెలలైంది. వారానికొకసారి, ఆదివారం ఐదింటికి, పది నిమిషాలు మాత్రం ఫోను చేస్తుంది. ఇటునుంచి చేద్దామంటే కలవదు.

అందుకే పిట్ట కబుర్లన్నీ నోట్‌బుక్ వెనక పేజీలో రాసి దాచుకుంటుంది. పన్ను ఊడింది. లెక్కల్లో పదికి తొమ్మిది. నీ దుప్పటి నేనే కప్పుకుంటున్నా. చివర "ఎప్పుడొస్తావు?" అని రాసి కొట్టేసింది. అది అడిగితే అమ్మ గొంతు మారిపోతుంది మరి.

నాన్నది మూలికల కొట్టు. దాని వెనకే ఇల్లు. కొట్టుకి ఇవాళ సెలవు. నాన్న అల్లం కొనడానికి మార్కెట్‌కి వెళ్తూ ఫోను ఛార్జర్‌కి తగిలించి వెళ్లాడు. ముసలి ఫోను. వైరు పీకితే దాని ప్రాణం పోతుంది.

"ఖాళీగా ఉంటే పుదీనా పొట్లాలు కట్టమ్మా" అని కూడా చెప్పి వెళ్లాడు.

పిట్ట డబ్బా మూత తీసి ముక్కు చిట్లించింది. పుదీనా వాసన రాలేదు. తడిగుడ్డ మూలపడేసినట్టు ముక్కిన వాసన. ఆకులు ఉండలు కట్టాయి. వాటి మీద తెల్లగా, దూదిలాగా ఏదో ఉంది.

బూజు!

పిట్ట చటుక్కున మూత పెట్టేసింది. ఆ ఆకులు ఆరబెట్టింది తనే. పోయిన ఆదివారం, అమ్మ ఫోను వేళవుతోందని పైపైన తడిమి, "ఆరిపోయాయి నాన్నా" అనేసి డబ్బాలో కుక్కేసింది. నాన్న నమ్మాడు.

ఆ ఆకుతో అప్పుడే కట్టిన ఒకే ఒక పొట్లం ఈ పొద్దున దర్జీ తాత తలుపు తట్టి మరీ పట్టుకెళ్లాడు. పాపం, నాలుగు రోజులుగా ఒకటే దగ్గు. "సాయంత్రం కషాయం పొయ్యి మీద పెట్టి, ఐదింటికి మిషను ఆపేసి తాగుతా" అన్నాడు.

పిట్ట తాతకి ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మిషను చప్పుడులో తాతకి ఏం వినపడుతుంది?

అప్పటికే ఐదు కావస్తోంది. 'అమ్మతో మాట్లాడేసి వెళ్తాను' అనుకుంది. పది నిమిషాలేగా! కానీ తాత గ్లాసు ఎత్తుతున్నట్టే కళ్లముందు కనపడింది.

"అమ్మా, ఈ ఒక్కసారికి కాస్త ముందు చెయ్యవూ?" అని ఫోనుని బతిమాలింది. అది పలకలేదు.

పిట్ట చెప్పులేసుకుని పరుగెత్తింది.

రెండు వీధుల అవతల, మేడమీద తాత కుట్టు గది. తాత అప్పుడే కషాయం వడగట్టి గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు.

"తాతా, తాగొద్దు!"

"ఏమైందే? కుక్క తరిమిందా?"

"ఆ ఆకుకి బూజు పట్టింది. ఆరకుండానే నేనే డబ్బాలో పెట్టేశాను. నాన్నకేమో ఆరిందని చెప్పాను."

ఆ మాట చెప్పడం అంత మేడ ఎక్కడం కంటే కష్టమైంది పిట్టకి.

తాత మిగిలిన పొట్లం విప్పి కళ్లద్దాల్లోంచి చూశాడు. "అవునే, తెల్లటి పోగులు! రోజంతా దారాల మధ్యే బతుకుతా, ఇవి కనిపెట్టలేకపోయాను చూడు." గ్లాసు సింకులో ఒంపేశాడు. "గుక్క కూడా తాగలేదులే. అవునూ, ఇది అమ్మ ఫోను చేసే వేళ కదూ?"

పిట్ట అప్పటికే మెట్లు దిగుతోంది. మళ్లీ పరుగు.

ఫోనులో రెండు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. తిరిగి చేసింది. కలవలేదు. ఇంకోసారి చేసింది. కలవలేదు. నోట్‌బుక్ ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయింది. మళ్లీ ఏడు రోజులు.

నాన్న వచ్చి బూజు సంగతంతా విన్నాడు. డబ్బా మొత్తం చెత్త సంచిలో బోర్లించాడు.

"బూజు లేనివి ఏరుకోవచ్చుగా నాన్నా?"

"కంటికి కనపడనిది కూడా ఉంటుంది తల్లీ. మరిగించినా దాని విషం పోకపోవచ్చు." నాన్న డబ్బా రుద్ది కడిగాడు. "పైన తడిమితే సరిపోదు. కాడ విరిచి చూడాలి. టప్పున విరిగితే ఆరినట్టు. వంగిందా, ఇంకా తడి ఉన్నట్టే." తర్వాత మెల్లగా అడిగాడు. "అమ్మ ఏమంది?"

"నేను ఇంట్లో లేను నాన్నా."

నాన్న దగ్గరికి తీసుకున్నాడు. చొక్కా అంతా అల్లం వాసన.

తర్వాతి ఆదివారం ఐదింటికి ఫోను ఒక్కసారి మోగిందో లేదో పిట్ట ఎత్తేసింది.

"పిట్టా! పోయినసారి ఎత్తలేదేమే? ఎంత కంగారుపడ్డానో!"

ఆ గొంతు వినగానే పిట్ట కళ్లు నిండిపోయాయి. "అమ్మా, ముందు నేను చేసిన తప్పొకటి చెప్పాలి..."

అంతలో నాన్న పళ్లెం పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. "ఈ పుదీనా డబ్బాలో పోసేయనా? ఆరిందా?"

ఉన్నదే పది నిమిషాలు. ఊఁ అని తలూపితే చాలు.

"ఒక్క నిమిషం ఆగమ్మా."

ఫోను బల్ల మీద పెట్టి వెళ్లింది. పళ్లెం అడుగునుంచి ఒక కాడ తీసి విరవబోయింది. వంగింది. ఇంకోటి తీసింది. అదీ వంగింది.

"ఇంకా ఆరలేదు నాన్నా. పొయ్యకు."

ఆకుల్ని మళ్లీ పల్చగా పరిచి, చేతులు గౌనుకి తుడుచుకుని, ఫోను దగ్గరికి పరుగెత్తింది.

"ఉన్నావా అమ్మా?"

"ఉన్నానే. చెప్పు."