ఏడో నంబరు తీర్మానం

1967 మార్చి 11. శనివారం. ఉదయం 6-20.

వాగుపేట కాన్పుల గదిలో ఒక మనిషి బోర్లా పడి ఉన్నాడు.

గది అని పేరే. నిజానికి నడుం ఎత్తు గోడలు నాలుగు. పైకప్పు లేదు. తలుపు లేదు. మేకలు తోలుకుపోతున్న ముసలమ్మ గోడ మీదుగా తొంగి చూసి కేక పెట్టింది.

6-45కి ఎస్.ఐ. భిక్షపతి వచ్చాడు. శవాన్ని పక్కకు తిప్పించాడు.

రామనర్సయ్య. వాగుపేట పంచాయతీ గుమాస్తా. వయసు నలభై ఆరు. తల వెనక లోతైన దెబ్బ. పక్కనే నెత్తురంటిన రాయి.

జేబులో ఏడు రూపాయలు అలాగే ఉన్నాయి. చేతికి గడియారం ఉంది. దొంగతనం కాదు.

కుడి గుప్పిట బిగుసుకుపోయి ఉంది. అందులో కొలతల టేపు. నాలుగు అడుగులు బయటికి లాగి ఉంది.

డాక్టర్ చూసి చెప్పాడు. "నిన్న సాయంత్రం ఆరు, ఎనిమిది మధ్య."

భిక్షపతి నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. నిన్నంతా అతను ఊళ్లో లేడు. సూర్యాపేట కోర్టులో సాక్ష్యం చెప్పి రాత్రి తొమ్మిది గంటల బస్సుకు దిగాడు. అప్పటికి వీధి దీపాలు వెలుగుతున్నాయి. ఊరు సద్దుమణిగి ఉంది.

8-10కి కోదాడ బస్సు ఆగింది. కాంట్రాక్టర్ రాంచందర్ దిగి నేరుగా జనంలోకి వచ్చాడు. ఈ గది కాంట్రాక్టు అతనిదే. శవాన్ని చూసి తల పట్టుకున్నాడు.

"అయ్యో, ఎంత పని చేశాడండీ!"

"ఎవడు?" భిక్షపతి చటుక్కున తిరిగాడు.

"గేమ్యా. తండా గేమ్యా. నిన్న నా కళ్లతో చూశానండి. ఇదిగో, ఈ మూల స్తంభం దీపం కిందే నిలబడ్డాడు. ఎర్ర రుమాలు చుట్టుకున్నాడు. ముఖం స్పష్టంగా కనిపించింది."

"టైమ్?"

"ఏడుంపావు. నేను ఏడున్నర బస్సుకు కోదాడ వెళ్లానండి."

గుంపులో ఇద్దరు ముగ్గురు తలలూపారు. నిన్న పగలు పంచాయతీ ఆఫీసు ముందు గేమ్యా అరిచిన అరుపులు ఊరంతా విన్నది. చంపుతానన్నాడు. గుమాస్తానే అన్నాడు.

10-30కి గేమ్యా లాకప్‌లో ఉన్నాడు.

పాతికేళ్లవాడు. గడ్డం మాసి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నిన్న ఏడుంపావుకు ఏడున్నవ్?"

"తండల, సార్."

"ఎవరన్న సూసిన్రా?"

"నా బిడ్డ సూసింది."

"ఎన్నేండ్లు?"

"పదమూడు దినాలు."

భిక్షపతి పెన్సిల్ ఆగింది.

"గుమాస్తాను చంపుతనన్నవా?"

"అన్న."

"ఎందుకు?"

గేమ్యా మోకాళ్లు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. తర్వాత నేలను చూస్తూ చెప్పాడు.

"పోయిన నెల ఇరవై ఆరు. పొద్దుగాల రుక్మిణికి నొప్పులు లేసినయ్. నర్సమ్మ మా ఊరికి వస్తనంటది గని, కాన్పు చేసే జాగ లేదంటది. గది అయితే గీడనే అయితుండె. బండి కట్టిన. సూర్యాపేట దవాఖాన పద్నాలుగు మైళ్లు. ఎనిమిదో మైలు కాడ బిడ్డ పుట్టింది. నెత్తురు ఆగలే. పదో మైలు కాడ..."

అరచేత్తో ముఖం తుడుచుకున్నాడు.

"పంచాయతికి పోయి అడిగిన సార్. గది ఎందుకు కట్టలేదని. కాయితంల గది అయిపోయిందంట. పైసలు సుత ఇచ్చేసిన్రంట. కింద సంతకం గుమాస్తాది. ఇగ నాకు తిక్క లేసింది. చంపుతనన్న. చంపలే."

"బిడ్డకు పాలెవరు పడుతున్నరు?"

"మా అవ్వ. మేకపాలు. తాగుతలేదు సార్. నేను పడితేనే రెండు గుక్కలు తాగుతది."

భిక్షపతి లేచి బయటికి వచ్చాడు. సాక్షి ఉన్నాడు. బెదిరింపు ఉంది. కారణం ఉంది. అయినా మనసులో ఏదో ముల్లులా తగులుతోంది. చంపడానికి వచ్చినవాడి కోసం గుమాస్తా టేపు పట్టుకుని ఎందుకు నిలబడ్డాడు?

ఆదివారం ఉదయం 9-00. రామనర్సయ్య ఇల్లు.

భార్య ఆండాళు గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పిల్లలు లేరు. చుట్టూ ఆడవాళ్లు ఏడుస్తున్నారు. ఆమె మాత్రం ఏడవడం లేదు.

"అమ్మా, మీ ఆయనకు ఎవరితోనన్న పగ ఉన్నదా?"

"ఆయనకు ఆయనతోనే పగ."

"అర్థం కాలేదమ్మా."

"ఆ రుక్మిణి సచ్చిపోయినకాడి నుంచి అన్నం ముట్టలేదు సారూ. ముద్ద కలుపుతడు, లేస్తడు. శుక్రవారం పొద్దుగాల కూసోని ఇది రాసిండు. కొలతలు తీసుకున్నంక నింపుతనన్నడు."

కొంగు ముడి విప్పి మడిచిన కాగితం ఇచ్చింది. భిక్షపతి చదివాడు. రెండు చోట్ల అంకెలు లేవు. ఖాళీలు వదిలి ఉన్నాయి.

కాగితం జేబులో పెట్టుకుని పంచాయతీ ఆఫీసుకు నడిచాడు.

సర్పంచ్ మల్లికార్జున్ వడ్ల వ్యాపారి. నెమ్మది మనిషి. కుర్చీ చూపించాడు.

"గది కాయితంల అయింది, నేల మీద కాలేదు. మీకు ఎరుకేనా?"

"అందరికెరుకే సార్." మల్లికార్జున్ చూపు కిందికి దించాడు. "ఎండాకాలం లోపల కడ్తనన్నడు రాంచందర్. అడుగుదమనుకున్నం. అడగలే."

"శుక్రవారం మీటింగుల ఏమైంది?"

"బడ్జెట్ మీటింగు. గుమాస్తా ఎన్నడు నోరిప్పనోడు లేసి నిలబడ్డడు. దీపాల కరెంటు ఖర్సు తగ్గించి, ఆ పైసలు గదికి పెడదమన్నడు. బజారు మెంబర్లు గట్టిగనే కొట్లాడిన్రు. ఆఖరికి ఒక్క ఓటుతోని గెలిసిండు."

"పుస్తకం తీయండి."

తీర్మానాల పుస్తకం. రామనర్సయ్య గుండ్రటి అక్షరాలు. ఏడో నంబరు తీర్మానం. భిక్షపతి ఒక వాక్యం దగ్గర ఆగాడు. మళ్లీ చదివాడు.

"ఈ మీటింగుకు రాంచందర్ వచ్చిండా?"

"ఆయన మెంబర్ కాదు గద సార్. రాలే."

భిక్షపతి బయటికి వచ్చి పంచాయతీ పనివాడు సైదయ్యను పక్కకు పిలిచాడు. ఒక్క ప్రశ్న అడిగాడు. జవాబు విన్నాడు. 11-40 బస్సుకు కోదాడ వెళ్లాడు.

సోమవారం, మార్చి 13. ఉదయం 11-00. పంచాయతీ ఆఫీసు.

మల్లికార్జున్, సైదయ్య బల్లకు ఒక పక్క. రాంచందర్ ఎదురుగా. తలుపు దగ్గర ఇద్దరు కానిస్టేబుళ్ల మధ్య బేడీలతో గేమ్యా.

"రాంచందర్ గారూ, మరొక్కసారి చెప్పండి. గేమ్యాను ఎన్ని గంటలకు చూశారు?"

"ఏడుంపావుకండి."

"శుక్రవారం అమావాస్య చీకటి. ఎలా గుర్తుపట్టారు?"

"స్తంభం దీపం ఉంది కదండీ. దాని వెలుతురులో."

"వెలుగుతోందా?"

"రోజూ ఆరున్నరకే వేస్తారండి. పట్టపగల్లా ఉంది."

భిక్షపతి తీర్మానాల పుస్తకం తెరిచాడు. గట్టిగా చదివాడు.

"ఏడో నంబరు. వీధి దీపములు సాయంత్రము ఆరున్నరకు బదులు ఎనిమిది గంటలకు వెలిగించవలెను. ఏటా మిగులు నాలుగు వందల ఎనభై రూపాయలు కాన్పుల గదికి వినియోగించవలెను. నేటినుండే అమలు."

పుస్తకం మూశాడు.

"సైదయ్యా, శుక్రవారం స్విచ్ ఎప్పుడేసినవ్?"

"ఎనిమిదింటికి సార్. ఐదింటికే గుమాస్తా సారు కాయితం ఇచ్చిండు. గంటన్నర సేపు ఊరంత చీకటే. దుకాణాలోళ్లు నన్ను తిట్టని తిట్టు లేదు."

రాంచందర్ కుర్చీ కొద్దిగా వెనక్కి జరిపాడు.

"మీరు ఆ సంగతి వినలేదు. ఎందుకంటే ఏడుంపావుకు మీరు ఊళ్లో లేరు. ఆరూ ఇరవై బస్సు ఎక్కారు. ఆ కండక్టర్ రాతపూర్వకంగా చెప్పాడు. ఎక్కేముందు బస్టాండ్ కుళాయి దగ్గర పది నిమిషాలు చేతులు కడుక్కున్నారట."

"నేను... అది..."

"గది సిమెంటు ఎక్కడ?"

రాంచందర్ చూపు తలుపు వైపు మళ్లింది.

"నేను చెప్పనా? కోదాడలో మీ మిల్లు ముందు వడ్లు ఆరబోసే గచ్చు కొత్తగా మెరుస్తోంది. నిన్న దాని మీద నడిచి వచ్చాను."

రాంచందర్ కుర్చీలో కుంగిపోయాడు. గొంతు సన్నగా వచ్చింది.

"చంపాలని పోలేదండి. ఐదున్నరకు రమ్మని ఆయనే పిలిచాడు. టేపు అవతలి కొస పట్టుకోమన్నాడు. కొలతలు రాసి పైకి పంపుతానన్నాడు. నీ ఉద్యోగం కూడా పోతుందయ్యా అన్నాను. పోనీ, ఇద్దరం కలిసి ఒప్పుకుందాం అన్నాడు. బతిమాలాను. వినలేదు. గోడ కొలవడానికి అటు తిరిగాడు. రాయి చేతికి అందింది."

కానిస్టేబుల్ అతని భుజం మీద చెయ్యి వేశాడు.

భిక్షపతి జేబులోంచి మడిచిన కాగితం తీశాడు. గేమ్యా వైపు తిరిగాడు.

"ఇది గుమాస్తా రాసింది. ఇను."

మెల్లగా చదివాడు.

"అయ్యా, కాన్పుల గది పని పూర్తి అయినదని డిసెంబరు నెల బిల్లుపై నేను వ్రాసితిని. అది అబద్ధము. వారములో కప్పు వేసెదనన్న కాంట్రాక్టరు మాట నమ్మి సంతకము చేసితిని. నేడు స్వయముగా కొలిచితిని. గోడ ఎత్తు..." అక్కడ ఆగాడు. "ఖాళీ. గది పొడవు... ఖాళీ. పైకప్పు లేదు. గేమ్యా భార్య రుక్మిణి మరణమునకు నేనును బాధ్యుడను. నాపై తగు చర్య గైకొనగలరు."

గేమ్యా కదల్లేదు. బేడీలు విప్పినా చేతులు అలాగే దగ్గరగా పెట్టుకుని నిలబడ్డాడు.

"నువ్వు పో," అన్నాడు భిక్షపతి. తర్వాత ఆగి, నలుగురి ముందు ఏ ఎస్.ఐ. అనని మాట అన్నాడు. "రెండు దినాలు నీ బిడ్డకాడ లేకుండ చేసిన. తప్పు నాది."

అందరూ లేచారు. మల్లికార్జున్ వెనకే వచ్చాడు. గొంతు తగ్గించాడు.

"సార్, బజారోళ్లు పరేషాన్ చేస్తున్నరు. రేపు మళ్ల మీటింగు పెడుతున్నం. దీపాలు ఆరున్నరకే."

"గది?"

"వచ్చే ఏడు సూద్దం సార్."

భిక్షపతి అతన్ని చూశాడు. ఈ నేరానికి చట్టంలో సెక్షన్ లేదు. టోపీ పెట్టుకుని మెట్లు దిగాడు.

గేమ్యా తండా దారి పట్టలేదు. ఆండాళు ఇంటి ముందు ఆగాడు. లోపలికి వెళ్లలేదు. ఎండలో నిలబడ్డాడు.

కాసేపటికి ఆండాళు గడపలోకి వచ్చింది.

"గేమ్యావా?"

"అవునమ్మా."

"బిడ్డ ఎట్లున్నది?"

"తెల్వదమ్మా. ఇంక పోలే. ముందుగాల గిటు వచ్చిన."

ఆమె ఎదురు చూసింది. గేమ్యా రుమాలు తీసి చేతిలో నలిపాడు.

"శుక్రవారం సారును అందరి ముంగట శాన మాటలన్ననమ్మా. మాటలతోని ఆగలే. మొకం మీద ఉమ్మిన."

"ఆయన ఏమన్నడు?"

"ఏమనలే. అంగితోని తుడుసుకుండు. ఎండల నిలబడ్డవ్, లోపలికి రా, జర నీళ్లు తాగు అన్నడు."

"తాగినవా?"

"లేదమ్మా. తాగలే."

అప్పుడు ఆండాళు ఏడ్చింది. భర్త శవం ఇంటికి వచ్చిన రోజు రాని ఏడుపు, చితి దగ్గర రాని ఏడుపు. తలుపు రెక్క పట్టుకుని కిందికి జారిపోయింది. గేమ్యా వాకిట్లో మోకాళ్ల మీద కూలబడి, ఆమె వైపు చేతులు జోడించి, తనూ ఏడ్చాడు. ఇరుగుపొరుగు వచ్చి చూశారు.

చాలాసేపటికి ఆండాళు లేచింది. లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది.

గేమ్యా రెండు చేతులతో అందుకున్నాడు. నోటి దాకా తెచ్చి ఆగిపోయాడు.

"తాగు," అన్నది ఆండాళు. "తాగి బిడ్డకాడికి పో."