చివరివాడు వచ్చేదాకా

నేను సైకిల్ మీద ఊరు చూపిస్తాను. అదే నా ఉద్యోగం. గడియార స్తంభం దగ్గర మొదలుపెట్టి పాత నీళ్ల పంపుల భవనం, కాలువ గట్టు మీది చెట్ల బాట, కోట గోడ, చివరికి పెద్ద తోట. మొత్తం పదకొండు కిలోమీటర్లు. దారి పొడవునా చరిత్ర చెబుతాను. సగం చదివింది, సగం అప్పటికప్పుడు అల్లింది. ఇంతవరకు ఎవరూ పట్టుకోలేదు.

ముందు నేను, చివర నా బావమరిది. వెనకబడ్డవాళ్లను కనిపెట్టుకుని రావడం వాడి పని. అందుకే అందరూ తోక అంటారు. ఆ పేరు పెట్టింది నేనే. "తల ఎటు పోతే తోక అటు రావాలి, నా ఖర్మ" అంటాడు వాడు.

మా ఇద్దరికీ ఒక పద్ధతి ఉంది. ముందున్నవాడు వెనక్కి తిరిగి చూడకూడదు. చూస్తే హ్యాండిల్ పక్కకు పోతుంది, వెనకవాళ్లు ఒకరి మీద ఒకరు పడతారు. ఒకసారి పడ్డారు కూడా. అందుకని ప్రతి మలుపులో, ఆఖరి మనిషి దాటాక, తోక రెండుసార్లు గంట కొడతాడు. నేను ఒకసారి కొట్టి ముందుకు సాగుతాను. రెండు గంటలు వినపడకపోతే ఆగిపోతాను. కళ్లతో పని లేదు, చెవులు చాలు.

వాడు మా ఇంట్లోనే ఉంటాడు. మా అత్తగారు పోయేనాటికి వాడికి నాలుగేళ్లు. నా భార్యే తల్లయి పెంచింది. మేం బయల్దేరే ప్రతిసారీ గుమ్మంలో నిలబడి ఒకే మాట అంటుంది: "మీరు ముందు పోతే పోయారు, వాణ్ని మాత్రం జాగ్రత్తగా తీసుకురండి." నా జాగ్రత్త సంగతి ఎవరికీ పట్టదు.

ఆ సాయంత్రం ఒక బీమా ఆఫీసు వాళ్లు ఎనిమిది మంది వచ్చారు. చలికాలం, తొందరగా చీకటి పడుతుంది. అయినా నాకు ఆ రోజు మహా హుషారుగా ఉంది. అంతకు ముందు కోట నుంచి తోటకు వెళ్లాలంటే లారీల మధ్య రెండు కిలోమీటర్లు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తొక్కాలి. ఆ వారమే పాత రైలు సొరంగాన్ని సైకిళ్లకు తెరిచారు. అరకిలోమీటరు, అంతే. మధ్యలో చిన్న వంపు. దీపాలు ఇంకా పెట్టలేదు.

కోట గోడ దగ్గర వాళ్లందరినీ నిలబెట్టి, సొరంగం తెరిపించిన ఇంజనీరు నాకు చెప్పిన సంగతి చెప్పాను. సొరంగం రెండు చివర్లా ఎప్పుడో ఇటుకలతో మూసేశారు. మొన్న కూల్చినప్పుడు చూస్తే, తాపీతో నున్నగా మెత్తిన వైపు బయట లేదు. లోపల ఉంది. రెండు గోడలకూ అంతే.

"అంటే కట్టినవాళ్లు లోపలే ఉండిపోయారన్నమాట" అన్నాను, గొంతు తగ్గించి.

"ఎందుకండీ వెళ్లబోయే ముందు ఇలాంటివి?" అంది వాళ్ల మేనేజరమ్మ. తోక నవ్వాడు. అందరూ నవ్వారు. నాకు అదే కావాలి.

గోడ మలుపు తిరిగి సొరంగంలోకి వెళ్లాను. లోపల చల్లగా ఉంది. తడిసిన బొగ్గు వాసన, దాని కింద ఇంకేదో పాత వాసన, చాలా రోజులు మూసి ఉంచిన పెట్టె తెరిచినట్టు. వెనక రెండు గంటలు మోగాయి. నేను ఒకటి కొట్టాను. ఆ శబ్దం గోడలను తడుముకుంటూ చాలా దూరం వెళ్లింది.

నా వెనక చక్రాల చప్పుడు సాఫీగా వస్తోంది. ఎవరూ మాట్లాడటం లేదు. ఇంతసేపూ వాగిన జనం కదా, చీకటికి జడిశారు అనుకుని నవ్వుకున్నాను. వంపు దగ్గరకు వచ్చేసరికి వెనక వెలుతురు పోయింది. ముందుది ఇంకా రాలేదు. నా లైటు పడినంత మేర నేల, అంతే.

అప్పుడు హ్యాండిల్‌కి తగిలించిన ఫోను మోగింది. తోక.

"బావా, ఎక్కడున్నావు? మేమంతా కోట గోడ దగ్గరే ఉన్నాం. గుమస్తాగారి చైను ఊడింది."

"ఎంతమంది?"

"ఎంతమందేమిటి, ఎనిమిది మందీ! ఒక్కరూ కదల్లేదు. నేను గంట కొట్టలేదు కదా, నువ్వే ఆగుతావనుకున్నాం."

ఫోను కట్టయింది.

వెనక చక్రాలు తిరుగుతున్నాయి...

ఎనిమిది కావు. చాలా. ఒక బ్రేకు కీచుమంది. ఎవరో ముక్కుతో గాలి పీల్చారు. తిరిగి చూడాలని మెడ లాగుతోంది. చూడలేదు. పద్ధతి కోసం కాదు... భయం. నాకు భయం వేసింది, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

రెండు గంటలు మోగాయి. చాలా దగ్గరగా.

నా బొటనవేలు దానంతట అదే గంట మీదకు వెళ్లింది. బలవంతంగా వెనక్కి తీసుకున్నాను.

"కొట్టండి..." అని ఎవరో గుసగుసగా అన్నారు, నా భుజం వెనక. చాలా మర్యాదగా.

తొక్కాను. ఎలా తొక్కానో తెలియదు. ముందు బూడిద రంగు వెలుతురు కనిపించింది, పెద్దదయింది, ఒక్కసారిగా చెట్ల గాలి మొహానికి కొట్టింది. తోటలో గడ్డి మీద పడి అప్పుడు వెనక్కి చూశాను. సొరంగం నోరు ఖాళీ. చక్రాల చప్పుడు మాత్రం చీకటి అంచు దాకా వచ్చి అక్కడ ఆగింది.

తోకకు ఫోను చేశాను. "ఒరేయ్, సొరంగంలోకి రావద్దు. రోడ్డు మీదుగా రండి. నా మాట విను."

"లోపలే ఉన్నాం బావా. నువ్వు గంట కొట్టావుగా, రమ్మని."

నేను మళ్లీ కొట్టలేదు. ఆ మాట చెప్పేలోపు లైను పోయింది. లోపలికి వెళ్లాలి. వెళ్లి వాణ్ని తెచ్చుకోవాలి. సైకిల్ లేపి రెండడుగులు వేశాను. అక్కడే ఆగిపోయాను. వాణ్ని ఆ చీకట్లో వదిలేసి బయట నిలబడ్డాను. ఇది ఈ రోజుకీ నన్ను తినేస్తోంది.

కాసేపటికి మేనేజరమ్మ వచ్చింది, నవ్వుతూ. తర్వాత గుమస్తాగారు. ఒకరి తర్వాత ఒకరు ఎనిమిది మందీ వచ్చారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఏమీ వినలేదట.

తోక రాలేదు.

ఐదు నిమిషాలు. పది. నా గొంతు పోయేలా పిలిచాను. అప్పుడు వచ్చాడు, సైకిల్ నడిపించుకుంటూ, తీరిగ్గా. గట్టిగా పట్టుకున్నాను. ఒళ్లు వెచ్చగానే ఉంది. ఏడుపొచ్చింది.

"ఇంతసేపు ఏం చేశావురా?"

"తోకను కదా బావా" అన్నాడు. "చివరివాడు వచ్చేదాకా ఉండాలి కదా."

ఎనిమిది మందీ నా ముందే నీళ్లు తాగుతున్నారు.

ఇంటికి వచ్చేసరికి ఎనిమిదైంది. నా భార్య తలుపు తీసి ముందు తమ్ముడి మొహం చూసింది, తర్వాత నన్ను. నేను లోపలికి వచ్చాను. వాడూ వచ్చాడు. ఆమె తలుపు వేయబోయింది.

"ఉండక్కా" అన్నాడు వాడు మెల్లగా, తలుపు పట్టుకుని. "ఇంకా వస్తున్నారు."

మెట్ల మీద ఎవరూ లేరు. నేను చూశాను, నిజంగా ఎవరూ లేరు. 'నీ వేళాకోళం మండ' అని తిడుతుందనుకున్నాను.

నా భార్య బయటకు చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత చీర కుచ్చిళ్లు దగ్గరకు తీసుకుని, గోడకు ఆనుకుని, దారి ఇచ్చింది.