రెండువందల పన్నెండో పేజీ

పెట్టెలో ఏడువందల పేజీలుండాలి. ఒకటి తక్కువైంది.

ఉదయం 11:40కి మ్యూజియం స్కానింగ్ గదిలో ఆ సంగతి బయటపడింది. 211 తర్వాత 213. మధ్యలో చింపిన అంచు.

నలభై ఏళ్ళ కిందట చంద్రుడి మీద దిగబోయి కూలిన నౌక కంప్యూటర్ ప్రోగ్రాం అది. కాపీలన్నీ పోయాయనుకున్నారు. గత నెలే ఒక ప్రింటవుట్ తాళాల కొట్టు అటక మీద దొరికింది. మర్నాడు పదింటికి దాన్ని నెట్‌లో అందరికీ ఉచితంగా పెట్టాలి.

రాసినావిడకి ఇప్పుడు ఎనభై. నౌక కూలిన నింద ఆమె మీదే పడింది. ఉద్యోగం పోయింది. తర్వాత చూపూ పోయింది. తన ప్రోగ్రాం లోకం చూడాలన్న ఆశ ఒక్కటే మిగిలింది.

ఇన్‌స్పెక్టర్ 12:15కి వచ్చింది. కిరాణా కొట్టు నడిపిన ఇంట్లో పుట్టిన మనిషి. ఏ కేసయినా ముందు లాభనష్టాలు బేరీజు వేస్తుంది.

గదిలో నలుగురు. పెద్దావిడ. ఆమె తమ్ముడు, తాళాల కొట్టు యజమాని. స్కానింగ్ అమ్మాయి. మ్యూజియం డైరెక్టర్, అప్పట్లో పెద్దావిడకి పై అధికారి.

"పెట్టె దగ్గర ఒంటరిగా ఎవరున్నారు?"

"డైరెక్టర్ గారు, మేడమ్. 11:20 నుంచి పది నిమిషాలు. నేను టీకి వెళ్ళాను," అంది అమ్మాయి.

"నేను దొంగనా?" డైరెక్టర్ మొహం ఎర్రబడింది.

"అనలేదు సార్. అప్పుడే భుజాలు తడుముకోకండి."

తమ్ముడు చేతులు జోడించాడు. "ఎర్ర పెన్సిల్ గీతలున్న ఒక్క కాగితం మేడమ్. ఏడువందల్లో ఒకటి. తరుగు కింద రాసుకుని వదిలేయండి."

"వదలొద్దు!" పెద్దావిడ అడ్డుపడింది. "నాకు ఆ పేజీయే కావాలమ్మా. వెతుకు."

ఇన్‌స్పెక్టర్ అమ్మాయి వైపు తిరిగింది. "ఆ పేజీ లేకపోతే ప్రోగ్రాం పోయినట్టేనా?"

"లేదు మేడమ్. ప్రోగ్రాం మొత్తం నంబర్ల రూపంలో చివరి ముప్ఫై పేజీల్లో మళ్ళీ అచ్చయి ఉంది. వాటిని బట్టి సాయంత్రానికి ఆ పేజీ మళ్ళీ తయారుచేస్తాను."

"ఇప్పటిదాకా చూసిన పేజీల్లో చేతిరాత ఉందా?"

"ఒక్క గీత కూడా లేదు."

1:05కి ఇన్‌స్పెక్టర్ తలుపు మూసింది.

"బిల్లు పోయినా కార్బన్ కాపీ ఉంది. మరి బిల్లు మీద ఉండి కాపీలో లేనిదేమిటి? తర్వాత చేత్తో రాసింది. ఆ పేజీ ఈ గదిలో ఎవరూ చూడలేదు. దాని మీద ఎర్ర పెన్సిల్ గీతలున్నాయని మీకెలా తెలిసింది, తాళాలాయనా?"

తమ్ముడు కుర్చీలో కూలబడ్డాడు.

"నిన్న కొట్లో పెట్టె తెరిచాను. ఆ పేజీలో అక్క రాత. 'ఈ లైను తప్పు. రాసింది నేనే' అని ఉంది. లోకమంతా దాన్ని చూస్తుందని... కాల్చేశాను."

పెద్దావిడ గాల్లోకి చేయి చాచింది. "దాని కింద రాసింది చదవలేదట్రా?"

"ఏముంది కింద?"

"'ప్రయోగానికి ముందే దిద్దాలి' అని రాశాను. తేదీ వేశాను. దాని కింద ఈ డైరెక్టర్ గారే 'ఇప్పుడేమీ మార్చొద్దు' అని సంతకం పెట్టారు. విచారణలో ఆ కాపీయే లేదన్నారు."

"మొదటి ముక్కకే కళ్ళు తిరిగాయక్కా. ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదు?"

"నా నోటితో చెప్పుకుంటే కట్టుకథంటావనుకున్నా. లోకం చెప్తే నమ్ముతావనుకున్నా."

ఇన్‌స్పెక్టర్ డైరెక్టర్ ముందుకెళ్ళి నిలబడింది. "11:20కి మీరు వెతికింది ఆ పేజీనేగా? మీకా శ్రమ తప్పింది. సంతకం పెట్టారా, లేదా?"

"నలభై ఏళ్ళ నాటి మాట. గుర్తులేదు."

ఇంక అడగడానికి ఇన్‌స్పెక్టర్ చేతిలో రుజువేదీ లేదు. పెద్దావిడ వైపు తిరిగింది. "కంప్లెయింట్ ఇస్తారా అమ్మా?"

"ఎవరి మీద? వీడి మీదా?"

"రేపు నెట్‌లో పెట్టమంటారా?" అమ్మాయి మెల్లగా అడిగింది. "ఆ తప్పు లైను మీ పేరుతోనే ఉంటుంది."

పెద్దావిడ కుర్చీలోంచి లేచింది.

"ఉన్నదున్నట్టు పెట్టు."

తమ్ముడు వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. ఆమె తడుముకుంటూ వచ్చి అతని భుజం పట్టుకుంది.

"లేరా. నువ్వెంత ఏడ్చినా బూడిద కాగితమవదు. చెయ్యివ్వు, నేను మెట్లు దిగాలి."